కంబోడియాలోకి వియత్నాం సైన్యం: తప్పా, ఒప్పా?

శ్రోతలకు నమస్కారం.

పరాయి దేశం మీదికి సైన్యాన్ని నడిపించడం ఎప్పుడైనా న్యాయం అవుతుందా? తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పినంత కాలం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఏటా ఎవరో ఒక విద్యార్థి లేచి అడిగేవారు. అడగడం సహజమే, మన చిత్తూరు ప్రాంతానికి సైన్యాలు కొత్త కాదు. 1780లో మైసూరు పాలకుడు హైదర్ అలీ, ఆర్కాటు నవాబు ఏలుతున్న కర్ణాటక రాజ్యం మీద దండెత్తి పల్లెలకు పల్లెలు పాడుపెట్టాడు. చివరికి ఆయన కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలోనే, 1782 డిసెంబరు 7న. ఆ యుద్ధంలో న్యాయం హైదర్‌దా, ఇంగ్లీషువారిదా అని మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు. పంట పోగొట్టుకున్న రైతును మాత్రం ఏ పక్షమూ ఏమీ అడగలేదు. అందుకే దండయాత్ర అన్న మాట వినగానే నా మనసు మొదట తప్పు అనే అంటుంది.

అయినా ఒక్క దండయాత్ర విషయంలో నేను ఆ మాట అనలేను. 1978 డిసెంబరు 25న వియత్నాం సైన్యం కంబోడియాలోకి పెద్దఎత్తున ప్రవేశించింది. రెండు వారాలు తిరగకుండానే, 1979 జనవరి 7న, రాజధాని నాంపెన్ దాని వశమైంది. ఆ ప్రవేశం న్యాయమేనని నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో ఒక చిత్రకారుడి జీవితంలోంచి చెబుతాను.

ఆయన పేరు వాన్ నాథ్. బట్టంబాంగ్ ప్రాంతంవాడు. సినిమా బొమ్మలు, దుకాణాల బోర్డులు రాసుకుని బతికేవాడు. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం కంబోడియాలో అధికారానికి వచ్చింది. వచ్చీరాగానే పట్టణాలను ఖాళీ చేయించింది. ఆసుపత్రుల్లోని రోగులను సైతం రోడ్డు మీదికి నెట్టారు. డబ్బును రద్దు చేశారు, బడులు మూసేశారు, అందరినీ పొలాలకు తోలారు. వాన్ నాథ్ కూడా పొలం కూలీ అయ్యాడు. ఆ పొలం పనిలో ఉండగానే పట్టుకుపోయి, కరెంటు పెట్టి, నేరం ఒప్పుకొమ్మన్నారు. ఏ నేరమో ఆయనకే తెలియదు. 1978 జనవరిలో నాంపెన్‌లోని ఎస్-21 అనే జైలుకు చేర్చారు.

ఆ జైలు అంతకు ముందు ఒక ఉన్నత పాఠశాల. పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని, ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. పిల్లలు బల్లల మీద కూర్చున్న గదుల్లో ఇటుకలతో చిన్న చిన్న కొట్లు కట్టారు. మరికొన్ని గదుల్లో ఖైదీలను నేల మీద వరసగా పడుకోబెట్టి, అందరి కాళ్లనూ పొడవాటి ఇనుప కడ్డీకి కలిపి బిగించారు. లేచి కూర్చోవాలన్నా కాపలావాడి అనుమతి కావాలి. తిండి అంటే కొన్ని చెంచాల గంజి. ఆకలికి తాళలేక, దీపం దగ్గర నుంచి రాలిపడే పురుగులను ఏరుకుని తిన్నానని ఆయన తరువాత చెప్పాడు. పక్కనున్న మనిషి ప్రాణం పోయి పడి ఉంటే, ఆ శవం పక్కనే గంజి తాగాడు.

ఒకనాడు ఆయనను కిందికి తీసుకుపోయి ఒక ఫొటో చూపించారు. దీన్ని చూసి బొమ్మ గీయగలవా అని అడిగారు. అది పోల్ పాట్ ఫొటో. గీయగలిగితే ప్రాణం నిలుస్తుంది. జైలు అధికారి డూక్ వచ్చి కూర్చుని ఆయన పని చూసేవాడు. చంపవలసినవారి జాబితా ఒకటి తరువాత బయటపడింది. అందులో వాన్ నాథ్ పేరు ఉంది. చిత్రకారుణ్ని ఉంచండి అన్న ఆదేశం కూడా ఉంది. ఆ జైలులోకి వెళ్లినవారు 14,000 మందికి పైనే. చివరికి ప్రాణాలతో దొరికినవారు పదిమందికి కాస్త అటూ ఇటూ.

జనవరి 7న వియత్నాం ట్యాంకులు నగరంలోకి వస్తుంటే కాపలావాళ్లు మిగిలిన ఖైదీలను ముందుకు తోలుకుంటూ పారిపోయారు. ఆ గందరగోళంలో వాన్ నాథ్ తప్పించుకున్నాడు. తరువాత ఆయన ఆ జైలుకే తిరిగి వెళ్లి, లోపల చూసినవన్నీ రంగుల్లో గీశాడు. ఇప్పుడది టువోల్ స్లెంగ్ మ్యూజియం, ఆ బొమ్మలు అక్కడే ఉన్నాయి. 2009లో డూక్ విచారణలో సాక్ష్యం కూడా చెప్పి, 2011లో కన్నుమూశాడు.

ఆ సైన్యం ఇంకొక నెల ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ సాక్షి ఉండేవాడా? నాలుగేళ్లు నిండకముందే ఆ దేశంలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా. అప్పటి జనాభాలో ఇంచుమించు నాలుగో వంతు. ఆ చావులు ఏనాడో ముగిసిపోయినవి కావు. ట్యాంకులు సరిహద్దు దాటిన రోజున కూడా సాగుతున్నాయి. ఈ మాట మళ్లీ చెబుతాను: దాటిన రోజున కూడా సాగుతున్నాయి.

వియత్నాం దయతో వచ్చిందా అని అడగవచ్చు. కాదు. 1978 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ సైనికులు సరిహద్దు దాటి వచ్చి, బా చుక్ అనే వియత్నాం గ్రామంలో 3,000 మందికి పైగా చంపారు. వియత్నాం తన రక్షణ కోసమే కదిలింది. పక్కింటివాడు తన గోడ మీద రాళ్లు పడుతున్నాయని కోపంతో తలుపు బద్దలుకొట్టినా, లోపల దెబ్బలు తింటున్న పిల్లలు బయటపడితే నేను ఆ పిల్లల వైపు నుంచే చూస్తాను.

ప్రపంచం అలా చూడలేదు. 1979 ఫిబ్రవరిలో వియత్నాంకు బుద్ధి చెబుతామంటూ చైనా దాని మీద దాడి చేసింది. అప్పుడు మన విదేశాంగ మంత్రి వాజ్‌పేయి చైనాలోనే ఉన్నారు, పర్యటన మధ్యలో ఆపుకుని తిరిగివచ్చారు. ఐక్యరాజ్య సమితిలో కంబోడియా స్థానం గద్దె దిగిన పోల్ పాట్ ప్రభుత్వానికే ఉంచారు. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం వియత్నాం అండతో నాంపెన్‌లో ఏర్పడిన కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

సైన్యం రావడం న్యాయమే అన్నాను. ఇక రెండో సగం, అది అక్కడే ఉండిపోవడం. వచ్చిన సైన్యం 1989 సెప్టెంబరు దాకా వెళ్లలేదు. వెళ్తే థాయ్‌లాండ్ సరిహద్దులో పొంచి ఉన్న ఖ్మేర్ రూజ్ తిరిగి వస్తుందన్నారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ ఆ సరిహద్దు పొడుగునా అడవులు కొట్టడానికి, అడ్డుకట్టలు వేయడానికి కంబోడియా పల్లెల నుంచి వేలాది మందిని బలవంతంగా తరలించారు. మలేరియాతో, మందుపాతరలతో ఎందరో చనిపోయారు. జనవరి 7న జరిగిన మేలును చూపించి దీన్ని నేను సమర్థించలేను.

వక్తృత్వ పోటీలకు సిద్ధమవుతున్న విద్యార్థులకు ఒక్క సలహా. ఏ దండయాత్ర గురించి మాట్లాడవలసి వచ్చినా కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. సైన్యం వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. ఒక్కొక్కదాని కింద కారణం విడిగా రాయండి. మొదటి తేదీ కింద మాత్రం ఇంకొక ప్రశ్న వేయండి: ఆ రోజున అక్కడ జనాన్ని చంపుతున్నారా?

2003 మార్చిలో అమెరికా సైన్యం ఇరాక్‌లోకి వెళ్లిన సంగతిని ఇలాగే రాసి చూడండి. సామూహిక వినాశన ఆయుధాలు ఉన్నాయన్నారు, అవి దొరకలేదు. ఇరాక్ పాలకుడు సద్దాం క్రూరుడన్నారు, అది నిజమే. 1988 మార్చిలో తన దేశంలోనే హలబ్జా అనే పట్టణంలో, అక్కడి అల్పసంఖ్యాక జాతివారైన కుర్దులను వేలాదిగా విషవాయువుతో చంపించాడు. కానీ ఆ రోజున వారిని కాపాడడానికి ఏ సైన్యమూ బయలుదేరలేదు. పదిహేనేళ్ల తరువాత ఆ చావులను కారణంగా చూపినప్పుడు నేను ఒప్పుకోలేకపోయాను, ఇప్పటికీ ఒప్పుకోను.

సెలవు. నమస్కారం.