పోలో జీటీ టీఎస్ఐ: 30 మిల్లీమీటర్లు దించుదాం, 16 అంగుళాల చక్రాలు వేద్దాం, గోధుమపిండితో కొలుద్దాం

అందరికీ నమస్కారం. ఇది విజయవాడ ఆటోనగర్. వెనకాల సుత్తి చప్పుళ్ళు వినిపిస్తుంటాయి, కొంచెం సర్దుకోండి. లిఫ్ట్ మీద ఉన్నది నా 2014 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ టర్బో పెట్రోల్, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆపేశారు. ఈ బండి ఉన్నవాళ్ళు మాత్రం ఒక పట్టాన అమ్మరు. నేనూ అంతే.

ఇవాళ దీన్ని 30 మిల్లీమీటర్లు కిందికి దించుతున్నాం. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల చక్రాలు తీసి 16 వేస్తున్నాం. ఈ బండికి ఈ పని జరగడం ఇది రెండోసారి. మొదటిసారి ఒక షాపులో 17 అంగుళాల చక్రాలు వేయించాను. ఇంటి ముందు ఆపితే పక్కింటి పిల్లలు వచ్చి ఫొటోలు దిగేవాళ్ళు, అంత బాగుండేది. వెనక సీట్లో ముగ్గురు ఎక్కితే మాత్రం గుంత పడిన ప్రతిసారీ ఫెండర్, అంటే చక్రం మీది రేకు, లోపల్నుంచి 'ఝుర్ర్' అని చప్పుడు. కొన్నాళ్ళకి టైరు భుజం మీద చుట్టూ గీత పడింది. షాపులో అడిగితే "స్పోర్టీ లుక్ కావాలంటే అంతే ఉంటుంది సార్" అన్నారు. అంతే ఉండదండీ. వాళ్ళు కొలవలేదు, నేనూ అడగలేదు.

బండి ఆగి ఉన్నప్పుడు టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాయా రెండు పట్టాయా అన్నది ఫొటోకి పనికొచ్చే లెక్క. స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోయి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉన్నప్పుడు ఎంత ఖాళీ మిగిలింది? అసలు లెక్క అది. ఈ వీడియోలో ఎక్కువ సేపు దాని మీదే ఉంటాం.

ముందు చక్రం వెనక్కి తిప్పుదాం. తమ్ముడూ, కెమెరా ఇక్కడికి తీసుకురా. మట్టి తుడిస్తే పోతలో అంకెలు కనిపిస్తాయి. నా చక్రం మీద 6జె, ఈటీ 40 అని ఉంది. మీ చక్రం మీద వేరే అంకె ఉంటే మీ అంకెతోనే లెక్క వేసుకోండి. 6జె అంటే రిమ్ వెడల్పు 6 అంగుళాలు. ఈటీ అనేది 'ఐన్‌ప్రెస్‌టీఫె' అనే జర్మన్ మాటకి పొట్టి రూపం, మనవాళ్ళు ఆఫ్‌సెట్ అంటారు. రిమ్‌ని వెడల్పులో సరిగ్గా సగానికి కోశామనుకోండి. ఆ సగం గీత నుంచి హబ్‌కి, అంటే బండి వైపు చక్రం బిగించే భాగానికి, ఆనుకునే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే అంకె ఇది. ఈటీ తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది.

కాగితం మీద వేసి చూపిస్తాను. 6 అంగుళాలంటే 152 మిల్లీమీటర్లు, సగం 76. ఈటీ 40 కాబట్టి హబ్ ముఖం నుంచి లోపలి అంచు 116 మిల్లీమీటర్ల దూరంలో, బయటి అంచు 36 దూరంలో ఉన్నాయి. ఇప్పుడు నేను మొదటిసారి వేయించిన 17 అంగుళాల చక్రం చూడండి. అది 7జె, ఈటీ 25. సగం 89. లోపలి అంచు 114, బయటి అంచు 64. లోపల్నుంచి రెండు మిల్లీమీటర్ల ఖాళీ పెరిగింది సరే, బయటికి ఎంత వచ్చింది? 28 మిల్లీమీటర్లు! దాని మీద టైరు పొట్ట అదనం. ఫెండర్‌కి రాసుకోక ఏం చేస్తుంది? ఈ రెండు కూడికలు అప్పుడే వేసుకుని ఉంటే డబ్బులు మిగిలేవి.

ఈసారి తీసుకున్నవి 16 అంగుళాలు, 6.5జె, ఈటీ 40. రిమ్ అర అంగుళం పెరిగింది, ఆఫ్‌సెట్ మారలేదు. అందుకని ఆ అర అంగుళం రెండు వైపులా సమంగా పంచుకుంది, అటు ఆరు, ఇటు ఆరు మిల్లీమీటర్లు.

టైరు సంగతి. పాతది 185/60 ఆర్15, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 15 అంగుళాలు. మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు. కొత్తది 195/55 ఆర్16, ఎత్తు 621. మూడు శాతం దగ్గర్లో పెరిగింది. మీటరు 100 చూపిస్తే అంతకుముందు కన్నా మూడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతున్నట్టు. ఇంతకు మించి మారిస్తే నేను ఒప్పుకోను. తర్వాతి రోజుల్లో జీటీకి కంపెనీయే ఈ సైజు ఇచ్చింది. బలీనో, ఐ20 పై మోడళ్ళకీ ఇదే కాబట్టి రాత్రి పూట గన్నవరం దగ్గర టైరు పోయినా దొరుకుతుంది. లోడ్ ఇండెక్స్ కూడా చూసుకోండి. పాత టైరు మీద 84, అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది. కొత్తదాని మీద 87, అంటే 545. ఈ అంకె పాతదాని కన్నా ఎప్పుడూ తగ్గకూడదు.

పీసీడీ, అంటే బోల్ట్ రంధ్రాల వలయం, 5 బై 100. ఐదు రంధ్రాలు, వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ వెంటో, స్కోడా రాపిడ్ చక్రాలు పడతాయి. స్కోడా లారావి 5 బై 112, పడవు. చూడ్డానికి ఐదు బోల్ట్‌లే కదా అని సెకండ్ హ్యాండ్‌లో కొనేయకండి. మధ్య రంధ్రం మన హబ్‌కి 57.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్‌లకి చాలావాటికి రంధ్రం పెద్దగా, 73.1 దాకా ఉంటుంది. ఆ తేడాకి ఈ రింగ్ వేయాలి. వంద రూపాయల వస్తువే, ఇది లేకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. మీరు వీల్ బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయించుకుంటూ తిరుగుతారు.

ఇక అన్నిటికన్నా నన్ను భయపెట్టిన వస్తువు.

(కెమెరా అరచేతిలోని రెండు బోల్ట్‌ల మీదికి)

ఎడమ చేతిలోది కంపెనీ బోల్ట్. తల కింద చూడండి, గోళీలాగా గుండ్రంగా ఉంది. కుడి చేతిలోది చూడండి, గరాటులాగా ఏటవాలుగా ఉంది. మారుతీ బండ్లకి హబ్ మీద స్టడ్ ఉంటుంది, దాని మీద నట్ బిగిస్తాం. ఫోక్స్‌వ్యాగన్‌కి స్టడ్ ఉండదు, ఈ బోల్టే నేరుగా హబ్‌లోకి పోతుంది. కంపెనీ చక్రం రంధ్రం కూడా గోళీ ఆకారంలోనే ఉంటుంది. బయట కొన్న అల్లాయ్‌లకి ఎక్కువగా గరాటు రంధ్రం. గరాటు రంధ్రంలో గోళీ బోల్ట్ బిగిస్తే ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. బిగిసినట్టే ఉంటుంది, రెంచ్ మీద టార్క్, అంటే బిగింపు కొలత, కూడా వస్తుంది. తర్వాత ఒదులవుతుంది. మొదటిసారి షాపు వాళ్ళు పాత బోల్ట్‌లే బిగించి పంపేశారు. హైవే మీద 'టక్ టక్' అని మొదలైతే రాయి ఇరుక్కుందేమో అనుకున్నాను. దిగి చూస్తే ముందు ఎడమ చక్రానికి మూడు బోల్ట్‌లు చేత్తో తిరుగుతున్నాయి. వెనక సీట్లో మా అమ్మ ఉంది.

అందుకని చక్రాలతో పాటే వాటికి సరిపడే బోల్ట్‌లు కొనండి. పొడుగు ఎంత ఉండాలంటే, ముందు కంపెనీ బోల్ట్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి బయటికొచ్చిందో లెక్కపెట్టండి. కొత్తది అంతకన్నా ఒక్క చుట్టు కూడా తక్కువ తిరగకూడదు. మరీ పొడుగైతే లోపలి భాగాలకి తగులుతుంది. చక్రం బిగించాక చేత్తో ఒకసారి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

సరే, సస్పెన్షన్. మూడు దారులున్నాయి. స్ప్రింగ్ కోయించడం మొదటిది, దాని గురించి మాట్లాడను. కాదు, ఒక్కటి చూపిస్తాను. స్ప్రింగ్ కింది చుట్టు చివర, కప్పులోని ఈ గాడిలో కూర్చుంటుంది. కోసినది ఇక్కడ కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు జారి పక్కకి దిగుతుంది. అంతే. రెండోది కాయిలోవర్లు, ఎత్తు మనకి కావాల్సినట్టు తిప్పుకోవచ్చు. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి సరే, రోజూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగే నాకు అంత ఖర్చు దండగ. మూడోది లోయరింగ్ స్ప్రింగ్‌లు, వాటికి తగ్గ డ్యాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు. నేను తీసుకున్నది ఇది.

స్ప్రింగ్‌లు మాత్రమే మారిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. 30 మిల్లీమీటర్లు దించామంటే పైకి నొక్కుకునే దారిలో 30 ముందే ఖర్చు పెట్టేసినట్టు. పాత డ్యాంపర్ రాడ్ ఎప్పుడూ సగం లోపలే ఉండి, ప్రతి గుంతకీ బంప్ స్టాప్ రబ్బర్‌ని గుద్దుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన డ్యాంపర్ అయితే కొన్నాళ్ళకే నూనె కక్కుతుంది. బిల్‌స్టీన్ వాళ్ళు ఇందుకే బి6, బి8 అని రెండు రకాలు చేస్తారు. బి6 మామూలు ఎత్తుకి, బి8 దించిన స్ప్రింగ్‌లకి పొట్టిగా చేసింది. మనకి కావాల్సింది ఆ రెండో రకం.

విప్పడం మొదలుపెడదాం. మెకానిక్ అన్న ముందు ఏబీఎస్ వైరు, బ్రేక్ గొట్టం క్లిప్పులు ఊడదీస్తున్నాడు. ఇవి మర్చిపోయి హబ్‌ని కిందికి లాగితే వైరు తెగుతుంది. తర్వాత యాంటీరోల్ బార్ లింక్. ఇప్పుడు స్ట్రట్, అంటే ముందు చక్రం దగ్గర స్ప్రింగ్, డ్యాంపర్ కలిసి ఉన్న భాగం. పోలోలో స్ట్రట్ గొట్టం హబ్ హౌసింగ్‌లోకి దూరి ఉంటుంది, ఒకే బోల్ట్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. బోల్ట్ తీసినా రాదు. ఈ చీలికలో ఈ పనిముట్టు పెట్టి పావు చుట్టు తిప్పితే నోరు తెరుచుకుంటుంది. అది లేని చోట ఉలి పెట్టి సుత్తితో కొడతారు. అలా కొట్టబోతే నా బండి దింపించుకుని వచ్చేస్తాను.

స్ప్రింగ్ కంప్రెసర్ దగ్గర మీరు ప్రయోగాలు చేయకండి. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మనిషి మిగలడు. ఇది అన్నకే వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు పని. డ్యాంపర్‌ని స్ప్రింగ్ లేకుండా బిగించాం. ఎందుకంటే స్ప్రింగ్ ఉంటే చక్రాన్ని చివరిదాకా పైకి ఎత్తలేం, బండే లేస్తుంది. స్ప్రింగ్ లేదు కాబట్టి జాకీ పెట్టి హబ్‌ని ఎత్తితే బంప్ స్టాప్ నొక్కుకునేదాకా పోతుంది. పెద్ద గుంతలో ఒక్క క్షణం జరిగేదాన్ని ఇక్కడ ఆపి చూస్తున్నామన్నమాట.

డబ్బాలో ఉన్నది గోధుమపిండి ముద్ద. పొద్దున చపాతీలకి కలిపింది కొంచెం పట్టుకొచ్చాను, "బండికి చపాతీలెందుకురా" అంది అమ్మ. దీన్ని మూడు చోట్ల అంటిస్తున్నాను. స్ట్రట్ మీద టైరుకి ఎదురుగా ఒకటి, ఫెండర్ లోపలి మడత కింద ఒకటి, చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ లైనింగ్ ముందు మూల ఒకటి. మీద కాస్త నూనె రాస్తే టైరుకి అంటుకోదు. చక్రం ఎక్కించాం. జాకీ నెమ్మదిగా... ఇంకా... చాలు. ఇప్పుడు స్టీరింగ్ కుడికి చివరిదాకా, మళ్ళీ ఎడమకి చివరిదాకా.

దింపి చూద్దాం. స్ట్రట్ మీది ముద్ద నొక్కుకుంది, ఇంకా నా చిటికెన వేలంత మందం ఉంది. బాగుంది. ఫెండర్ మడత కింది ముద్దకి టైరు తగలనే లేదు. లైనింగ్ మూలన ముద్ద చూడండి, అప్పడంలా అయిపోయింది! అంటే ఎడమకి పూర్తిగా తిప్పి గుంతలో పడితే లైనింగ్‌కి రాసుకుంటుంది. ప్లాస్టిక్కే, హీట్ గన్‌తో వేడి చేసి లోపలికి నొక్కుతున్నాం. అన్నా, ఇంకో ముద్ద పెడదాం... ఇప్పుడు ఫర్వాలేదు. స్ప్రింగ్ వేసి బిగించేసుకోవచ్చు.

వెనకవైపు పని తేలిక. స్ప్రింగ్ వేరు, డ్యాంపర్ వేరు, మధ్యలో రెండు చక్రాల్నీ కలిపే టార్షన్ బీమ్. ఒక్క జాగ్రత్త ఉంది. రబ్బర్ బుష్ ఉన్న బోల్ట్ ఏదైనా సరే, బండి లిఫ్ట్ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించొద్దు. బరువు చక్రాల మీద పడ్డాక బిగించండి. లేకపోతే రబ్బర్ మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. టాప్ మౌంట్ బేరింగ్‌లు కూడా ఇప్పుడే మార్చేశాం, మళ్ళీ ఇదంతా విప్పడం ఎవరికి ఓపిక?

అలైన్‌మెంట్‌లో ముందు చక్రాల టో, అంటే అవి నేరుగా కాకుండా లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది, సరిచేశారు. వెనక బీమ్‌కి సర్దుబాటు లేదు. స్ప్రింగ్‌లు కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, అప్పుడు ఇంకోసారి చూపించాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. నేను జీటీకి కంపెనీ ఇచ్చిన టైరు సైజులు దాటకపోవడానికి, చక్రాన్ని ఫెండర్ బయటికి రానివ్వకపోవడానికి ఇదీ ఒక కారణం. స్ప్రింగ్‌ల గురించి మాత్రం మీ ఇన్సూరెన్స్ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

కేటలాగ్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ 168 మిల్లీమీటర్లు. 30 పోయింది, టైరు పెద్దదైనందుకు తొమ్మిది తిరిగొచ్చింది. 147 మిగిలింది. ఐఆర్‌సీ, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కట్టి ఉంటే నాకు ఇబ్బందే లేదు. మా వీధిలో రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన దిమ్మ వెడల్పు నా చెప్పంత. దాని మీద ఐదుగురితో వెళ్తే ఐమూలగా ఎక్కించాల్సిందే. ఇందాక అమ్మని, ఇంకో ముగ్గుర్ని ఎక్కించి వెళ్ళొచ్చాం. కింద తగల్లేదు, ఫెండర్‌లో 'ఝుర్ర్' లేదు. "ఇదివరకటి కంటే గట్టిగా ఉంది" అంది అమ్మ. ఉంటుంది మరి.

చక్రాలకి 120 న్యూటన్ మీటర్ల టార్క్ వేశాం. 80 కిలోమీటర్లు తిరిగాక, చల్లారిన తర్వాత మళ్ళీ రెంచ్ పెట్టి చూస్తున్నాను. ఇరవై బోల్ట్‌లలో పద్దెనిమిది కదల్లేదు. ముందు కుడి చక్రంలో రెండు, ఇదిగో, కొంచెం తిరిగి 'టిక్' అన్నాయి. రేపు పొద్దున గుంటూరు వెళ్ళొచ్చి ఇంకోసారి పెడతాను. రెంచ్ డిక్కీలోనే ఉంటుంది.