భుజాన్ని చూసి మెడ కత్తిరించండి

వేదిక మీది పెద్దలకు, మూడు నెలలు మిషన్ తొక్కి ఈ రోజు సర్టిఫికెట్ అందుకుంటున్న చెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చిన పది నిమిషాలూ జాకెట్ మెడకే కావాలి.

మెడ ఎందుకు వదులవుతుంది? ఆ వంపు దగ్గర గుడ్డ క్రాస్‌లో, అంటే పోగులకు ఐమూలగా పడుతుంది. క్రాస్‌లో గుడ్డ సాగుతుంది. అందుకే కత్తిరించిన వెంటనే అంచు వెంబడి ఒక సాదా కుట్టు వేయండి. మెడ అంచుకు వేసే పైపింగ్ పట్టీ కూడా క్రాస్‌లోనే తీయాలి. ఇవన్నీ మీ మేడం నేర్పే ఉంటారు. నేను వచ్చింది మా అమ్మ సంగతి చెప్పడానికి.

అమ్మ ఈ పోచంపల్లిలోనే ఆసు పోసేది, అంటే చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టేది. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. చింతకింది మల్లేశం గారు తన తల్లి నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. అది మా ఇంటికొచ్చేసరికే అమ్మ కుడి భుజం అరంగుళం కిందికి దిగిపోయింది. నా పెళ్లికి కుట్టించుకున్న జాకెట్ మెడ కుడివైపు జారుతుంటే టైలర్ దగ్గరికి తీసుకెళ్లాం. "నీ భుజమే వంకర ఉందమ్మా, నేనేం చేయాలె?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఎండల్లో పెళ్లంతా కొంగు నిండుగా కప్పుకునే తిరిగింది. ఏ ఫొటోలో చూసినా అమ్మ చెయ్యి కొంగు మీదే ఉంటుంది.

చెల్లెళ్లారా, ఆ మాట మీ నోట రావద్దు! ఈ ఊళ్లో భుజాలు అరిగింది పని చేసి. టేపు రెండు భుజాలకూ వేరువేరుగా పెట్టండి. దిగిన భుజం వైపు, మెడ దగ్గర ముట్టుకోకుండా, చెయ్యి అతికే చివర ఆ తేడా పట్టి ఏటవాలుగా కుట్టండి. చంక రౌండ్‌ను కూడా అంతే దించాలి, లేకపోతే చంకలో పట్టేస్తుంది.

ముందు మెడ లేచి నిలబడితే మాత్రం దీనికి ఎదురు. పైపింగ్ కొంచెం విప్పి, భుజం కుట్టును మెడ వైపు పావు అంగుళం లోపలికి పట్టి, చెయ్యి వైపుకు సున్నా చేయండి. కొత్త జాకెట్‌కైతే అడిగిన లోతుకు అరంగుళం తక్కువే కత్తిరించి, కచ్చా కుట్టుతో తొడిగించి చూశాకే మిగతాది తీయండి.

నేను మిషన్ నేర్చుకున్నాక అమ్మకు కొలత ప్రకారం జాకెట్ కుట్టాను. తొడుక్కుని అద్దం కూడా చూసుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది.

జారే జాకెట్లు తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఇక్కడే విప్పి చూద్దాం.