చాక్లెట్ ఉండలకు కమలా పరిమళం

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో మే నెల మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడటమంటే ఏమిటో ఇక్కడ కాపురముండే వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బయట కత్తిరి ఎండలు, లోపల సెగ. పైగా బడులకు సెలవులు. పొద్దున తిన్న ఇడ్లీ అరిగిందో లేదో, పిల్లలు వంటింటి గుమ్మంలోకి వచ్చి "అమ్మా, తినడానికి ఏముంది?" అని నిలబడతారు. అలాంటి రోజుల కోసం ఒక చిరుతిండి గురించి మాట్లాడదామని వచ్చాను. ఖర్జూరం, పప్పులు, కోకో పొడి, కమలా తొక్క తురుము. ఇంతే సరుకు. ఓవెన్ అక్కర్లేదు. పాకం ముదిరిపోతుందేమోనన్న టెన్షన్ లేదు. పప్పులు కాసేపు వేయించడం తప్ప పొయ్యితో పని లేదు.

పొయ్యెక్కించని తీపి మనకేమీ కొత్త కాదు. వేయించిన నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచి చిమ్మిలి ఉండలు కట్టుకున్నవాళ్ళమే. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి పచ్చి చలిమిడి చేసుకుంటూనే ఉన్నాం. ఈ చాక్లెట్ ఉండల పద్ధతీ చిమ్మిలి పద్ధతే. బెల్లం చేసే పని ఇక్కడ ఖర్జూరం చేస్తుంది. తియ్యగానూ ఉంటుంది, జిగురుగా పట్టి ఉంచుతుంది కూడా.

మరి చాక్లెట్‌కీ కమలాకీ జత ఎలా కుదిరింది? కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు దాని గింజలను నూరి పానీయంగా తాగేవారు. కొరికి తినే చాక్లెట్ బిళ్ళ వచ్చింది 1847లో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో, ఫ్రై అనే కంపెనీ చేసింది. ఆ దేశంలోనే యార్క్ నగరంలో టెర్రీస్ వాళ్ళు 1932లో అచ్చం కమలా పండు ఆకారంలో ఒక చాక్లెట్ చేశారు. బల్ల మీద ఒక్కటి కొడితే తొనలు తొనలుగా విడిపోతుంది. ఇప్పటికీ దొరుకుతుంది. అందులో వాళ్ళు వేసేది కమలా నూనె. రసం జోలికి పోలేదు. నేను ఈరోజు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఇంట్లో ఇలాంటివి చేసేటప్పుడు చాలామంది పండు కోసి రసం పిండి పోస్తారు. కమలా వాసన రావాలంటే కమలా రసం పొయ్యాలి కదా అనుకోవడం సహజమే. తీరా తింటే పులుపు తగులుతుంది, కమలా మాత్రం కనపడదు. ముద్ద పల్చబడుతుంది, ఉండ నిలబడదు. కరిగించిన చాక్లెట్‌లో రసం చుక్కలు పడితే మరీ ఘోరం. నిగనిగలాడుతూ జారుతున్నది కాస్తా ఒక్క క్షణంలో ఇసుకలా బిరుసెక్కి గరిటెకు అతుక్కుపోతుంది. చాక్లెట్ అంటే కొవ్వులో కలిసి ఉన్న కోకో, చక్కెర పొడి. కొద్దిపాటి నీరు తగిలితే ఆ చక్కెర తడిసి ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడుతుంది. మీరు వేడి తగ్గించినా, ఎంత కలిపినా అది మునుపటిలా అవదు. అలా అయినప్పుడు పారేయకండి. వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలిపితే సాస్‌లా జారుతుంది. ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు. ఉండలకు పూత వేయడానికి మాత్రం పనికిరాదు.

పరిమళమంతా తొక్కలో ఉంటుంది. చిన్నప్పుడు కమలా తొక్క మడిచి పక్కవాళ్ళ కళ్ళలోకి చిమ్మని వాళ్ళు మనలో ఎవరున్నారు? కంట్లో పడి మంటెత్తించేది ఆ నూనే. తొక్కను వెలుతురుకు పట్టి చూడండి, రంగున్న పైపొరలో సూదిమొన అంత చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి. అవే నూనె తిత్తులు. ఆ నూనెలో నూటికి తొంభై పాళ్ళకు పైగా లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. అది నీళ్ళలో కలవదు, కొవ్వులో ఇట్టే కలుస్తుంది. చాక్లెట్‌లోనూ జీడిపప్పులోనూ బాదంలోనూ ఉన్నది కొవ్వే కాబట్టి తొక్క వాసన వాటిలో ఇంకిపోయి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. దబ్బకాయను తొక్కతో సహా ఊరగాయ పెట్టుకునే మనకు తొక్క విలువ వేరే ఎవరో చెప్పాలా?

ఇక పండు ఎంచుకోవడం. మా వీధికి తోపుడుబండి మీద పండ్లు తెచ్చే ఆయనది నెల్లూరు వైపు. బత్తాయిలు ఏరుతుంటే అడిగాడు, "రసానికా అమ్మా, తినేదానికా?" అని. "తొక్క కోసం అన్నా" అన్నాను. క్షణం నావైపు చూసి, బండి అడుగున పెట్టిన బుట్టలోంచి గట్టివి, తొక్క నున్నగా బిర్రుగా ఉన్నవి తీసి ఇచ్చాడు. "ఉబ్బిన తొక్కలో ఏముండదు, ఇయ్యి తీసుకో" అన్నాడు. నూటికి నూరుపాళ్ళూ నిజం. తొక్క ఊడినట్టు వదులుగా ఉన్న కమలా వలుచుకు తినడానికి హాయిగా ఉంటుంది, తురమబోతే కోరాము కింద నలిగిపోతుంది. కమలా దొరికే కాలంలో గట్టివి చూసి కమలాయే తీసుకోండి, దాని వాసనకు సాటి లేదు. దొరకనప్పుడు బత్తాయి. ఇక్కడ అంగళ్ళలో సాత్తుక్కుడి అని అడగాలి. వాసన కాస్త నెమ్మది, కాబట్టి ఒక పండు తొక్క ఎక్కువ వేసుకోండి. గూడూరు నిమ్మకాయలతో కూడా చేయొచ్చు, కానీ నిమ్మ తొక్క ఘాటు. ఒక్క కాయ తొక్క చాలు.

మెరుస్తూ కనిపించే పండ్లకు, ముఖ్యంగా బయటి దేశాల నుంచి వచ్చేవాటికి, మైనం పూత ఉంటుంది. తొక్క తినబోతున్నాం కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో వేసి పీచుతో బాగా రుద్ది కడగండి. తర్వాత పొడి గుడ్డతో తడి లేకుండా తుడవండి. అల్లం తురుముకునే సన్న కోరాము తీసుకుని ఒక చోట ఒకసారి రుద్దండి, వెంటనే పండు తిప్పండి. రంగు పోయి తెలుపు కనిపించిందంటే అక్కడితో ఆపాలి. ఆ తెల్లటి పొర చేదు. కోకోకు తనదైన చేదు ఎలాగూ ఉంది, దీన్ని కూడా చేరిస్తే పిల్లలు ఉమ్మేస్తారు. తురుము వేరే గిన్నెలో పట్టకండి. రెండు చెంచాల బెల్లం పొడి పళ్ళెంలో పోసి నేరుగా దాని మీదే తురమండి. చిమ్మే నూనె వృథా పోదు. తర్వాత తురుమునూ బెల్లాన్నీ వేళ్ళతో నలపండి. బెల్లం రంగు మారి, తడిసినట్టవుతుంది. ఆ వాసనకే పక్క గదిలో వాళ్ళు లేచి వస్తారు.

కొలతలు రాసుకునే వాళ్ళు కాగితం తీసుకోండి. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు. జీడిపప్పు, బాదం కలిపి 100 గ్రాములు. ధర ఎక్కువనిపిస్తే సగం వేరుశనగపప్పు వేసుకోండి, రుచి ఏమాత్రం తగ్గదు. తియ్యదనం కలపని కోకో పొడి మూడు పెద్ద చెంచాలు. రెండు కమలాల తొక్క తురుము, ఇందాక చెప్పిన బెల్లంతో నలిపింది. రెండు చెంచాల పుట్నాల పొడి. చిటికెడు ఉప్పు, ఇది మాత్రం మానకండి. చిన్న నిమ్మకాయంత ఉండలు పద్దెనిమిది దాకా వస్తాయి.

కోకో పొడి కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. పాలలో కలుపుకునే డ్రింకింగ్ చాక్లెట్‌లో చక్కెర కలిపి ఉంటుంది, అది వేస్తే ఉండ తీపి మీద తీపి అయి మొహం మొత్తుతుంది. మన దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు వెళ్తే కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో నీడపాటున పెరుగుతూ ఉంటుంది. కాయలు కొమ్మల చివర కాకుండా మానునే పట్టుకుని కాస్తాయి, మొదటిసారి చూసిన వాళ్ళు ఆగి చూడకుండా ఉండలేరు. కాయ పగలగొట్టి, గింజలను వాటి గుజ్జుతోనే కొన్ని రోజులు పులియబెట్టి ఎండబెడతారు. చాక్లెట్ రుచికి బీజం పడేది ఆ పులియబెట్టడంలోనే. మన రైతుల గింజతో చేసిన చాక్లెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కనిపిస్తే కొనండి.

ఇప్పుడు చేసే విధానం. పప్పులు సన్న సెగ మీద దోరగా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. మిక్సీలో వేసి ఒక్కో తిప్పు తిప్పి ఆపుతూ రవ్వగా పట్టండి. ఆపకుండా తిప్పితే వేడెక్కి నూనె వదిలేస్తాయి. అందులోనే ఖర్జూరం చిన్న ముక్కలు చేసి, కోకో, ఉప్పు, పుట్నాల పొడి, బెల్లంతో కలిపిన తురుము వేసి మళ్ళీ ఆపి ఆపి తిప్పండి. ఖర్జూరం ఎండినట్టుంటే నీళ్ళలో నానబెట్టకండి. ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టి ఆరనివ్వండి. మిశ్రమం చేతిలోకి తీసుకుని పిడికిలి బిగించండి. విప్పినప్పుడు వేళ్ళ అచ్చులు నిలిస్తే సరిపోయింది. రాలిపోతుంటే అర చెంచా కరిగిన నెయ్యి, జిగట ఎక్కువైతే ఇంకాస్త పుట్నాల పొడి. అరచేతులకు నెయ్యి రాసుకుని ఉండలు చుట్టండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి. ఉండలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే అవనివ్వండి.

పైన చాక్లెట్ పూత వేయాలా అంటే, చెన్నై వేసవిలో నేను వద్దనే అంటాను. అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ సుఖానికి కారణం అదే. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు చూస్తాం. ప్లేటు టేబుల్ మీదికి వచ్చేసరికి పూత వేళ్ళకు అంటుకుంటుంది. చాలా వంటకాల్లో కరిగించిన చాక్లెట్‌లో కొబ్బరినూనె కలపమని ఉంటుంది. చలి ఊళ్ళకు అది బాగానే ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది, మన సీసాలో అది గడ్డకట్టడం చెన్నై వేసవిలో ఎప్పుడైనా చూశారా? కాంపౌండ్ అని అమ్మే బిళ్ళలు ఎండకు తట్టుకుంటాయి. వాటిలో కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది, నాలుకకు మైనంలా తగులుతుంది. నాకు నచ్చదు. వేసవిలో ఉండలను పొడి కోకోలోనో, వేయించిన నువ్వుల్లోనో, ఎండు కొబ్బరి పొడిలోనో దొర్లించండి. చక్కగా ఉంటాయి.

పూత సరదా మార్గశిరంలో తీర్చుకోండి. 100 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి, తడి లేని గిన్నెలో వేయండి. వేరే గిన్నెలో నీళ్ళు మరిగించి పొయ్యి ఆపేసి, దాని మీద ఈ గిన్నె పెట్టండి. అడుగు నీళ్ళకు తగలకూడదు. మూత అసలు పెట్టకండి, ఆవిరి చుక్క జారి పడితే ఇందాక చెప్పిన గడ్డే. నెమ్మదిగా కలుపుతుంటే కరుగుతుంది. చల్లటి ఉండను ఫోర్కు మీద పెట్టి ముంచి తీసి, వెన్న కాగితం మీద ఉంచండి. పూత ఆరకముందే పైన ఒక చిటికెడు తురుము చల్లండి.

నిల్వ సంగతి. గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో, వారం రోజులు. బయటికి తీయగానే మూత తెరవకండి. సముద్రపు గాలి ఉన్న ఊరు మనది, చల్లటి ఉండ మీద క్షణంలో చెమట పడుతుంది. డబ్బా మూతతోనే పది నిమిషాలు ఉంచి తర్వాత తెరిస్తే ఆ తడి డబ్బాకు పడుతుంది, ఉండకు పడదు. చాక్లెట్ పూత మీద తెల్లటి మచ్చలు వస్తే బూజు అని కంగారు పడతారు. నున్నగా, పొడిగా ఉండి మామూలు వాసనే వస్తుంటే అది కోకో వెన్నో చక్కెరో పైకి తేలడం, తినొచ్చు. నూగులా పైకి లేచి ఉన్నా, ముక్క వాసన వచ్చినా పారేయండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఒక మాట. చక్కెర వేయలేదు కదా అని చేతికి అందినన్ని ఇవ్వకండి. ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. ఒకటి తిని, దాన్ని రోజు లెక్కలో చేర్చుకోవాలి. మరీ చిన్న పిల్లలకు పెట్టేటప్పుడు పప్పు పలుకులు లేకుండా మెత్తగా పట్టండి, గొంతులో అడ్డం పడకుండా. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా అందనంత ఎత్తున పెట్టండి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం.

మిగిలింది తొక్క పోయిన పండు. పైపొర లేని పండు త్వరగా ఎండిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతే రెండో రోజుకే బిరుసెక్కుతుంది. అందుకే ఉండలు చల్లబడేలోగా ఆ కమలాలు వలిచి తొనలు ఇంట్లో వాళ్ళకు పంచేయండి. బత్తాయి అయితే రసం తీసి, చిటికెడు ఉప్పు వేసి అప్పటికప్పుడే తాగేయండి.

సెలవు. నమస్కారం.