గుంట కోసింది మెషీన్ కాదండీ, సన్నికల్లు సూత్రం

[అద్దం కెమెరాకు దగ్గరగా]

ఇది 6 అంగుళాల టెలిస్కోప్ అద్దం. మల్కాజిగిరిలో మా డాబా మీద చేత్తో అరగదీశాను. చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఈ గుంట ఏ మెషీన్‌తో కోశారండీ?" మెషీన్ లేదు, అచ్చూ లేదు. చెప్తే నమ్మరు. అందుకే ఈ వీడియో.

అమ్మమ్మ వాళ్ల సన్నికల్లు గుర్తుందా? పెళ్లిలో తొక్కిస్తారే, అదే. దానికి గుంట ఎవరూ తవ్వలేదు, నూరగా నూరగా అదే పడింది. ఇక్కడా అంతే. ఒకే సైజు గాజు బిళ్లలు రెండు, మధ్యలో నీళ్లు, 80 నంబరు కార్బొరండం పొడి, అంటే గాజును అరగదీసే గరుకు పొడి. గరగరమంటూ బూడిదరంగు బురద కారుతుంది.

తిరకాసు ఏంటంటే, సన్నికల్లుకి గుంట కింద పడుతుంది, మనకు పై బిళ్లకు, అంటే అద్దం కాబోయేదానికి పడుతుంది. పొత్రం రాయి దాటిపోదు. మనం మాత్రం పై బిళ్లను అంచు దాటించి తోస్తాం. అప్పుడు బరువంతా కింది బిళ్ల అంచు మీదికొస్తుంది. ఆ అంచు పై బిళ్ల నడుమును తినేస్తూ తనూ అరుగుతుంది. పైది గుంట, కిందది ఉబ్బు.

సన్నికల్లు గుంట వంకరగా ఉంటుంది, అమ్మమ్మ ఒకవైపే కూర్చుని నూరింది కాబట్టి. నేను బిళ్లల్ని నీళ్ల డ్రమ్ము మీద పెట్టి చుట్టూ తిరుగుతాను, చేతిలో బిళ్లనూ కాస్త కాస్త తిప్పుతాను. (ఏం మొక్కుకున్నావని పక్కింటావిడ అడిగింది.) ఎటు తిప్పినా, ఎటు జరిపినా రెండూ ఆనుకునే ఉండాలంటే అది గోళంలో ముక్కే అయ్యుండాలి. ఎత్తున్న చోటే ముందు అరుగుతుంది. అంటే నా చెయ్యి వంకరైనా అద్దం వంకర పోదు! నాకు ఇప్పటికీ ఇదే వింత.

ఇంతా చేస్తే, వెలుగు 1200 మిల్లీమీటర్ల దూరంలో ఒకచోట చేరడానికి (దాన్నే ఫోకస్ అంటారు) కావలసిన లోతు 1.2 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ల మందం కూడా లేదు.

తర్వాత 120, 220, 320, 500 నంబర్ల పొడులు. నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. పొడి మార్చినప్పుడల్లా బకెట్, గుడ్డ, గోళ్లు, అన్నీ కడగాలి. 80 గింజ ఒక్కటి మిగిలిందా, అన్నంలో రాయే. నాకు మిగిలింది. గీత పోవడానికి రెండు నంబర్లు వెనక్కి వెళ్లాను.

[ఫోన్ చూసుకుని] అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తా.

పాలిష్‌కి కింది బిళ్ల మీద తారు లాంటి పిచ్ పోసి, గాళ్లు పెట్టి, పైన సీరియం ఆక్సైడ్ అనే మెత్తటి పాలిష్ పొడి. మన మే నెలలో మొదలుపెట్టకండి, పిచ్ మెత్తబడి గాళ్లన్నీ పూడుకుపోతాయి. డిసెంబరు బెస్ట్.

తర్వాత గోళాన్ని పారాబొలా చేయాలి, అంటే నక్షత్రం వెలుగంతా ఒకే బిందువులో చేర్చే వంపు. తేడా అంచు దగ్గర 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాన్ని చూసే పద్ధతి ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫూకోది, 1858 నాటిది: చిన్న లైటు, ఒక బ్లేడు, ఫోకస్‌కి రెట్టింపు, అంటే 2400 మిల్లీమీటర్ల దూరం. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగుకు బ్లేడు అడ్డం పెడితే ఎగుడుదిగుళ్లు నీడల్లా కనిపిస్తాయి. అద్దానికి బొటనవేలు కాసేపు ఆనిస్తే చాలు, ఆ వేడికి ఉబ్బిన చోటు గుట్టలా కనిపిస్తుంది. చల్లారాకే కొలవండి.

చివర్లో అల్యూమినియం పూత. దానికి వాక్యూమ్ ఛాంబర్ కావాలి, బయటే చేయించాలి. ఆఁ, మెషీన్ మెషీన్ అన్నారుగా, ఆ ఒక్కటీ మెషీనే.