ఋషికుల్య మొగ దగ్గర

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని బరంపురంలో హౌరా వైపు వెళ్లే రైలెక్కితే, ఛత్రపురం దాటిన కాసేపటికి ఒక పెద్ద వంతెన వస్తుంది. కింద పారేది ఋషికుల్య. కుడివైపు కిటికీ దగ్గర సీటు దొరికిందంటే ఆ నది సముద్రం వైపు వెడల్పవుతూ పోవడం కనిపిస్తుంది. వంతెన దాటితే గంజాం, ఆ తర్వాత ఉప్పు మడులు. చిన్నప్పటి నుంచి ఆ కిటికీలోంచే చూశాను. మొగ దాకా నడిచింది మాత్రం కెమెరా కొన్నాకే.

మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. పుస్తకాల్లో నదీముఖం అని రాస్తాం. ఇక్కడి మన తెలుగు జాలర్లు మొగ అనే అంటారు. వాళ్లను ఒడియావాళ్లు నోలియాలని పిలుస్తారు. మొగ మూసుకుపోయింది, మొగ తెగింది, మొగ జరిగింది అని వాళ్లు మాట్లాడుకుంటుంటే ఊళ్లో మనిషి గురించి చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

అది నిజంగానే జరుగుతుంది. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఈ తీరం వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఆ ఇసుక నదికి అడ్డంగా నాలుకలా పెరుగుతుంది. నీరు దాని పక్కనుంచి దారి వెతుక్కుంటూ ఉత్తరానికి జరుగుతుంది. పెద్ద వరదో తుఫానో వస్తే ఆ ఇసుక నాలుక తెగుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది కదా, అలాంటి రాత్రి తర్వాత పాత ఫోటో చేత్తో పట్టుకుని వెళ్తే ఎక్కడ నిలబడి తీశామో పోల్చుకోవడం కష్టం. అందుకే ఇక్కడ ఒక్క మంచి ఫోటో దొరికిందని తృప్తిపడకండి. ఏటా రండి, అదే చోటి నుంచి తీయండి.

వచ్చేముందు పోటూ పాటూ ఎప్పుడో ఊళ్లో అడగండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా లోపలికి వస్తుంది, అంతే దూరం వెనక్కీ పోతుంది. పాటు మీద, అంటే నీరు వెనక్కి పోయే వేళ, అప్పుడే పొద్దు పొడుస్తుంటే, తడి ఇసుక మీద అలలు గీసిన గీతలన్నిటికీ నీడలు పడతాయి. ఇసుక మెరుపుకు కెమెరా మోసపోయి ఫోటోను మసకగా తీస్తుంది. ఫోన్‌తో తీసినా సరే, వెలుగు కొంచెం పెంచుకోండి. ఉప్పు తుంపర అద్దం మీద పడుతూనే ఉంటుంది కాబట్టి మెత్తటి గుడ్డ దగ్గరుంచుకోండి.

తాబేళ్ల దగ్గర మాత్రం కెమెరా కన్నా మర్యాద ముఖ్యం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడికి వేలాదిగా గుడ్లు పెట్టడానికి వస్తాయని 1994లో శాస్త్రవేత్తలు గుర్తించారు. జాలర్లకు అది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. తల్లి తాబేలు వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతుంది. ఒక కాలు ఇసుక తోడి పక్కకు పోస్తే రెండోది లోపలికి దిగుతుంది. వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ నేలను దిమ్మిస కొట్టినట్టు అదుముతుంది. పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే ఆ దబదబలు మన మోకాళ్లకు తెలుస్తాయి. ఆ సమయంలో ఫ్లాష్ వేయకండి, టార్చి కొట్టకండి. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి సముద్రం మీది మసక వెలుగును చూసే దారి పట్టుకుంటాయి. మన లైటు వాటిని ఊరివైపు తిప్పేస్తుంది.

ఈ మొగ ఒకప్పుడు ఓడల తోవ. దగ్గర్లోని పాలూరే ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలమీ రాసిన పలౌరా అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తూర్పు సముద్రం దాటే ఓడలు దాని సమీపం నుంచే బయలుదేరేవని ఆయన రాశాడు. 1768లో కాట్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు అధికారి గంజాం వచ్చాడు. ఆ కాలంలో కట్టిన నక్షత్రం ఆకారపు కోట, పోతాగఢ్, శిథిలమై ఇప్పటికీ ఉంది. 1815లో పెద్ద జ్వరాలు వచ్చి జనం చనిపోవడంతో గంజాం పట్నం వైభవం పోయింది, ప్రభుత్వ కచేరీలు తరలిపోయాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ ప్రాంతం మద్రాసు నుంచి అటు వెళ్లింది. మన తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉండిపోయాయి.

మొగకు దగ్గర్లో పొడంపేట అని మన జాలర్ల ఊరుండేది. కోతకు గురై సముద్రంలో కలిసిపోయింది, జనం వేరేచోటికి మారారు. ఆ ఊరు ఉన్నప్పుడు నేను రెండుసార్లు వెళ్లాను. రీళ్ల కెమెరా రోజులవి. రీలు ఖరీదని సూర్యోదయానికే అంతా వాడేశాను. వెనక్కి తిరిగి ఊరి వైపు ఒక్కటీ తీయలేదు. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

మొన్నీమధ్య ఆ ఫోటోలు పట్టుకుని ఆ జనం ఇప్పుడుంటున్న చోటికి వెళ్లాను. ఒక పెద్దమ్మ సూర్యుణ్ణి చూడనే లేదు. ఫోటో కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ఎడమ అంచున తెగిపోయినట్టున్న గోడ ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది మా మరిది అరుగు బాబూ. ఈ అరుగు మీదే మా గుంటలు ఆడుకునీవోరు."

ఆ ఫోటో ఆమెకే ఇచ్చేసి వచ్చాను.