తీపి యావకు తైలం వాసన: పనిచేసేది ఎంతవరకు?

అందరికీ నమస్కారం.

ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "పుదీనా నూనె వాసన చూస్తే స్వీటు తినాలనిపించదట, ఒంట్లోకి ఓపిక వస్తుందట, నిజమేనా మేడమ్?" సగం నిజం. ఆ సగం ఎక్కడిదాకానో చెప్తాను.

పుదీనా నూనెలో మెంథాల్ ఉంటుంది. ముక్కులో, నోట్లో చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను అది తట్టిలేపుతుంది. అందుకే మత్తు వదిలినట్టు హుషారుగా ఉంటుంది. కానీ వాసనతో ఒంట్లోకి ఒక్క క్యాలరీ కూడా చేరదు. వాసన వల్ల ఆకలి కాస్త తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. బరువో, షుగరో తగ్గిస్తుందని చెప్పేంత ఆధారం మాత్రం లేదు.

మరి దేనికి పనికొస్తుంది? తీపి మీద యావ చాలామందికి కాసేపు గట్టిగా పట్టి, తర్వాత తనే సడలుతుంది. ఆ కాసేపు చెయ్యి స్వీటు డబ్బా మీదికి పోకుండా, రుమాలు మీద ఒక్క చుక్క వేసుకుని వాసన చూడండి. నూనె లేకపోతే రెండు పుదీనా ఆకులో, చిటికెడు సోంపో నమలండి. నోటి రుచి మారితే చాలు.

అసలు సాయంత్రం నాలుగింటికి నాలుక ఎందుకు లాగుతోంది? పొద్దున టిఫిను మానేశాం, మధ్యాహ్నం పప్పు తక్కువ, అన్నం ఎక్కువ తిన్నాం. పైగా రోజుకు నాలుగు టీలు. ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, చెంచాకు 4 గ్రాములు, మొత్తం 32. రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. స్వీటు ముట్టకుండానే దాటేశాం! బెల్లమైనా, తేనైనా లెక్క ఇదే.

ఇక నీరసం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అమ్మా, నూనె సీసా కొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. భోజనంతోపాటు టీ తాగకండి, తిండిలోని ఇనుము సరిగా ఒంటబట్టదు.

అమ్మేవాళ్లు కొందరు "నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగండి" అంటున్నారు. దయచేసి తాగకండి. నూనె నీళ్లలో కరగదు. చిక్కటి చుక్క నేరుగా తగిలి గొంతు, కడుపు మండిపోతాయి. పసిపిల్లల ముక్కు దగ్గర పుదీనా నూనె రాయకండి, ఊపిరి అందకపోవచ్చు. నీలగిరి తైలం కొంచెం మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. పిల్లలు మింగారని తెలిస్తే, ఫిట్స్ వచ్చేదాకా ఆగకుండా, వాంతి చేయించకుండా, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి.

షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లకు ఇంకో మాట. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం, వాటితోపాటు తీపి కావాలనిపించడం ఉంటే రక్తంలో షుగరు పడిపోతోందేమో. అప్పుడు వాసనలు చూస్తూ కూర్చోవద్దు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ షుగరు చూసుకోండి.

బయట బల్ల మీద పొడపత్రి ఆకులు పెట్టించాను. ఒకటి బాగా నమిలి, తర్వాత బెల్లం ముక్క నాలుక మీద వేసుకోండి. కాసేపు తీపే తెలియదు; ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే చోట్లను కప్పేస్తాయి. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టకండి. మిగతావాళ్లు రండి, చూద్దాం.