"ఇక్కడ ఫైట్" అని రాసి వదిలేయకండి (పర్లాకిమిడి గిడుగు జయంతి సభలో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. గిడుగు రామ్మూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు, ఇక్కడుండే సవర భాష నేర్చుకున్నారు, 1936లో మన ఊరు ఒడిశాలోకి పోతే రాజమండ్రి వెళ్ళిపోయారు, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. అందుకే వేదిక మీద పెద్దల పేర్లు చదవడం కూడా మానేసి నేరుగా నా గోడు చెప్పేస్తాను, ఏమనుకోకండి. షార్ట్ ఫిల్ములు తీసే మన పిల్లలు చాలామంది వచ్చారు కాబట్టి స్క్రిప్టులో యాక్షన్, అంటే తెర మీద మనుషులు చేసే పనులు, ఎంత రాయాలన్నదే మాట్లాడతాను.

మనోళ్ళ సీన్ పేపర్ చూసుంటారు కదా, ఎడమపక్క యాక్షన్, కుడిపక్క డైలాగ్. కుడిపక్క నిండిపోయి ఉంటాది. ఎడమపక్క మాత్రం "ఇక్కడ ఫైట్" అని రెండు ముక్కలు. ఏటి బాబూ ఇది అంటే ఫైట్ మాస్టర్ చూసుకుంటారండి అంటారు. ఎలా కొట్టాలో ఆయన చూసుకుంటారు, నిజమే, కానీ వీడెందుకు కొడతన్నాడో, ఎక్కడ ఆగిపోతాడో ఆయనకి ఎవరు చెప్పాలి? మనమే కదా.

నేనో కథ రాశాను, గుణుపురం సంతలో అన్నదమ్ముల గొడవ. సీన్ లో ఇలా ఉంటాది: "అన్న కత్తి ఎత్తుతాడు. తమ్ముడు పారిపోడు. పక్కనే పడున్న నాన్న సైకిల్ లేపి, వెనక్కి జరిపి, స్టాండ్ వేస్తాడు. అన్న చెయ్యి ఆగిపోద్ది." అంతే. ఒక సినిమా ఆఫీసులో ఈ నాలుగు ముక్కలూ కొట్టేసి "ఫైట్, 3 నిమిషాలు" అని రాసుకున్నారు. తీరా చూస్తే పదిమంది గాల్లోకి లేచారు, వంకాయలు ఎగిరాయి, టమాటాలు ఎగిరాయి, సంత మొత్తం కూలిపోయింది, సైకిల్ లేదు. సైకిలే లేదండీ! మరి అన్న ఎందుకు ఆగినట్టు? ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండిపోద్ది నాకు.

అలాగని ప్రతి గుద్దూ రాయమనట్లేదు. కుడిచేత్తో దవడ మీద, ఎడమకాలితో డొక్కలో అని మూడు పేజీలు రాస్తారు కొందరు, లొకేషన్ కెళ్ళాక ఆ గది ఇరుకు, ఆ నటుడికి మోకాలు నొప్పి, అదంతా చెత్తబుట్టలోకే.

వెనక కూర్చున్న పిల్లలూ, ఫోన్లు పక్కనెట్టి ఇది రాసుకోండి. ఎవరికి ఏం కావాలి, చేతిలో ఏముంది, తలుపు ఎటుంది, ఎక్కడ ఆట తిరగబడింది, ఇవి రాయాలి. అద్దం పగలాలన్నా వాన పడాలన్నా కచ్చితంగా రాయాలి, ఎందుకంటే అవి ముందే తెచ్చి పెట్టాలి. చొక్కాకి రక్తం అంటుకుంటాదంటే అదే చొక్కా ఇంకో నాలుగు ఉండాలి, లేకపోతే రెండో టేక్ కి ఏం తొడుగుతారు? ఇంకోటి, పేజీకి సుమారు ఒక నిమిషం అని లెక్క వేస్తారు కదా, రెండు నిమిషాల కొట్లాటని ఒక్క లైన్లో తేల్చేస్తే షెడ్యూల్ వేసేవాడు దాన్ని అరపూటలో పెట్టేస్తాడు, సాయంత్రం వెలుగు పోయాక అందరూ తలలు పట్టుకుంటారు. పెద్ద పేరా వద్దు, రెండు మూడు లైన్లకోసారి ఖాళీ వదలండి. కెమెరా ఎక్కడ పెట్టాలో మీరు చెప్పక్కర్లేదు, కొత్త లైన్ వచ్చిందంటే చదివేవాడి కన్ను దానంతటదే ఇంకో చోటికి తిరుగుద్ది.

సరే, పేపర్లు తెచ్చుకున్నోళ్ళు ముందుకి రండి, ఫైట్ ఉన్న సీన్లే ముందు పైకి చదువుదాం.